ఇరవై రెండో ముడి

నేను ఒక కొలతాడును. బావుల్లోనూ బోర్లలోనూ నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూడటానికి పుట్టాను. అరవై మీటర్ల నైలాను తాడు, మీటరుకో ముడి, పది ముడులకో ఎర్ర గుడ్డపేలిక, చివరన పిడికెడు ఇనుము. ఇదీ నా రూపం. నన్ను చూసి బట్టలారేసుకునే తాడనుకున్నవాళ్ళు చాలామంది. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఒకావిడ నిజంగానే తడి చీర ఆరేసింది కూడా.

నా ఇనుప భాగాన్ని ధర్మవరంలో మస్తానయ్య అనే వెల్డింగు పనివాడు చేశాడు. పాత ట్రాక్టరు ఇంజనులోంచి ఊడదీసిన పిస్టన్ పిన్ను అది. లోపల బోలుగా ఉంటుంది. పైకొసను మూసి, కొక్కెం అతికించి, కింది కొసను తెరిచే వదిలేశాడు. నీళ్ళను తాకగానే ఆ గొట్టంలో గాలి ఇరుక్కుని ‘టప్’ మంటుంది. ఆ చప్పుడు వినగానే పైనున్న మనిషి తాడును బిగబట్టి ముడులు లెక్కపెట్టుకుంటాడు. నాకు వచ్చిన భాష ఆ ఒక్క ముక్కే. దానితోనే ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం వెలగబెట్టాను.

నన్ను చేయించినవాడు కుళ్ళాయప్ప. నెలనెలా బావుల నీటిమట్టం కొలిచి రాసుకొచ్చే చిన్న ఉద్యోగి. మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద, నన్ను చుట్టచుట్టి భుజాన వేసుకుని అనంతపురం జిల్లాలో సగం పల్లెలు తిరిగాడు. మేం ఊళ్ళో అడుగుపెట్టగానే జనం మూగేవాళ్ళు. “ఏం సామీ, ఈసారన్నా నీళ్ళు పైకొస్తాయా?” అని అడిగేవాళ్ళు, ఏదో నీళ్ళు మా సంచీలో ఉన్నట్టు. “నేను కొలిచేవాణ్ణప్పా, పోసేవాణ్ణి కాదు” అనేవాడు కుళ్ళాయప్ప. ఆ మాట విని జనం నీరుగారిపోయి ఎటువాళ్ళటు వెళ్ళిపోయేవాళ్ళు. మనుషులకు కొలిచేవాడంటే పెద్ద గౌరవం ఉండదని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

ఆయన రిటైరైన రోజు శాలువా కప్పారు. అప్పటికి మీటలు నొక్కితే లోతు చెప్పే యంత్రాలు వచ్చేశాయి కాబట్టి నన్ను ఎవరూ వెనక్కి అడగలేదు. ఆయనతోపాటు ఇంటికి వచ్చి అటక ఎక్కాను. నా కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. సాలమ్మ లేకపోతే అయిపోయేదే.

సాలమ్మ అదే వీధిలో మూడిళ్ళ అవతల ఉండేది. నలభై అయిదేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎనిమిదేళ్ళు ఒకరి చీనీ తోటలో కూలికి పోయింది. బత్తాయిని అక్కడివాళ్ళు చీనీ అంటారు. చెట్టుకు పాదు తీయడం దగ్గర్నుంచి కాయ సైజు చూసి వేరుచేయడం దాకా ఆమెకు రానిది లేదు. ఆ తోట ఎనిమిదో ఏట, సరిగ్గా కాపు మీదున్నప్పుడు, ఒక్క ఎండాకాలంలో ఎండిపోయింది. యజమాని తొమ్మిది బోర్లు వేయించాడు, ట్యాంకర్లతో తోలించాడు. చివరికి చెట్లు కొట్టడానికి కూలీలను పిలిస్తే వెళ్ళినవాళ్ళలో సాలమ్మ కూడా ఉంది. ఏళ్ళ తరబడి నీళ్ళు కట్టిన చెట్లను ఆ చేతులతోనే నరికింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు. కుళ్ళాయప్పకు మాత్రం ఒకసారి చెప్పింది, అదీ ఎందుకో చెప్తాను.

ఆమె భర్త వన్నూరప్ప లారీ డ్రైవరు. సొంత లారీ. నడుంనొప్పితో స్టీరింగు ముందు కూర్చోలేక దాన్ని అమ్మేశాడు. ఆ డబ్బుతో నేల కొని చీనీ తోట పెట్టాలని ఇద్దరికీ కోరిక. వన్నూరప్ప మంచివాడే గానీ, దేనినైనా చూడకముందే ఇష్టపడే రకం. నేల ఇంకా కొననే లేదు, తోట గేటు మీద పెట్టే బోర్డు ఏ రంగులో ఉండాలో పెయింటరుతో మాట్లాడి వచ్చాడు. పచ్చ మీద తెల్ల అక్షరాలట.

ఆ అక్టోబరులో అతనికి ఒక పొలం దొరికింది. తారురోడ్డు పక్కనే ఆరెకరాలు, సమంగా ఎర్రటి నేల, మధ్యలో బోరు. బయపరెడ్డి అనే ఆయనది. వానలు పడి చుట్టూ పచ్చగా ఉంది. బోరు ఆడిస్తే మూడంగుళాల పైపు నిండుగా నీళ్ళు దూకాయి. వన్నూరప్ప ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుని ఇంటికి వచ్చాడు.

“అడ్వాన్సు ఇచ్చేద్దాం. ఇట్లాంటిది మళ్ళీ దొరకదు” అన్నాడు.

సాలమ్మ నేరుగా కుళ్ళాయప్ప ఇంటికి వచ్చింది. అప్పుడే ఆ నరికిన తోట సంగతి చెప్పింది. చెప్పి, “అన్నా, నేల మంచిదో కాదో నేను మట్టి పట్టుకుని చెప్పగల్ను. నీళ్ళ సంగతే నాకు తెలీదు. నువ్వొచ్చి సూడన్నా” అంది.

కుళ్ళాయప్ప గడ్డం గోక్కున్నాడు. “అక్టోబరులో ఎవని బోరైనా పారుతుంది సాలమ్మా. వానాకాలం పెళ్ళిచూపుల్లో పిల్ల మాదిరి, అంతా సింగారమే. మే నెలలో పోయి సూద్దాం.”

ఇది విని వన్నూరప్ప మండిపడ్డాడు. ఏడు నెలలు ఆగితే పొలం ఇంకొకరు ఎగరేసుకుపోతారన్నాడు. వీధిలోవాళ్ళు కూడా అతని పక్షమే. తాళి కట్టే వేళ తాడు కోసం పెళ్ళి ఆపినట్టుందని వెక్కిరించారు. సాలమ్మ మాత్రం కదల్లేదు. ఆ ఏడు నెలలూ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఉప్పూ కారం అందించుకోవడం వరకే నడిచాయి.

చిత్రమేమంటే ఆ బంగారంలాంటి పొలాన్ని ఎవరూ ఎగరేసుకుపోలేదు. మే రెండో వారంలో కుళ్ళాయప్ప నన్ను అటక దించి, దుమ్ము దులిపి, భుజాన వేసుకున్నప్పుడు అది అలాగే ఉంది. బయపరెడ్డి ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చాడు. చుట్టుపక్కల పొలాలు ఎండి నెర్రెలు విచ్చాయి. ఆయన పైపు మాత్రం అక్టోబరులో లాగే తొట్టిలోకి దూకుతోంది.

కుళ్ళాయప్ప బోరు మూత పక్క సందులోంచి నన్ను దించాడు. లోపల చీకటి, ఇనుము వాసన. నలభై ఒకటో ముడి దగ్గర ‘టప్’ మన్నాను. అరగంట మోటరు ఆడాక మళ్ళీ దించాడు. నలభై ఒకటి. గంటయ్యాక దించాడు. నలభై ఒకటే. వేలెడు కూడా తేడా లేదు.

“సూసినారా సామీ! గంట నుంచి తోడినా బోరుకు తెలీనే తెలీదు” అన్నాడు బయపరెడ్డి.

వన్నూరప్ప బోరుకు చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులతోనే సాలమ్మ వైపు చూశాడు. ఏడు నెలల కోపం ఆ చూపులో ఉంది. కుళ్ళాయప్ప నన్ను చేతిలో పట్టుకుని నోరు వెళ్ళబెట్టాడు. తోడుతున్నా తగ్గని బోరును ఆయన ముప్పై ఏళ్ళలో చూడలేదు. నేనూ చూడలేదు. నా గొంతు చెడిందేమోనని నాకే అనుమానం వచ్చింది.

సాలమ్మ తొట్టి దగ్గరికి పోయి దోసిలి పట్టి నీళ్ళు తాగింది. ముఖం కడుక్కుంది. తర్వాత ఆ తడిచేత్తోనే బోరు దగ్గరికి వచ్చి, నేలలోంచి పైకి వచ్చే ఇనుప పైపును పట్టుకుంది. వెంటనే చేయి వెనక్కి లాక్కుంది.

“కాలతాంది” అంది.

“మే నెల ఎండ కదమ్మా, కాలక ఏం చేస్తాది?” అన్నాడు బయపరెడ్డి.

“నీళ్ళేమో జిల్లుమంటాండాయి రెడ్డన్నా. పైపేమో పెనం మాదిరి ఉండాది. గంట నుంచి చల్లనీళ్ళు ఇందులోంచే వస్తాంటే ఇది ఇంత కాలతాదా?”

కుళ్ళాయప్ప వంగి పైపు మీద చేయి పెట్టి చూశాడు. తొట్టి కింద మట్టిని కాలితో గీకితే, పక్క పొలం వైపు నుంచి వచ్చి తొట్టిలోకి పోసే పైపులో కలిసిన రబ్బరు గొట్టం బయటపడింది. నీళ్ళు అందులోంచి వస్తున్నాయి. బోరులో మోటరు అసలు ఆడటమే లేదు. నేను చెప్పింది నిజమే. కదలని నీళ్ళు కదల్లేదనే చెప్పాను. మనుషులే ఆ నిజాన్ని తీసుకుపోయి తమకు కావలసిన చోట అతికించుకున్నారు.

“అది మా బామ్మర్ది బోరు” అన్నాడు బయపరెడ్డి, పెద్దగా సిగ్గుపడకుండానే. “మేం ఒకరికొకరం సాయం చేసుకుంటాంలే.”

“మరి నీ బోరో?” అని అడిగాడు వన్నూరప్ప. అతని గొంతు బోరు లోపలినుంచి వచ్చినట్టుంది.

“అదీ మంచిదే. పావుగంట బాగా పోస్తాది.”

తిరిగి వచ్చేటప్పుడు, ఊరు దగ్గరపడ్డాక వన్నూరప్ప, “గొట్టం బాగానే పూడ్చినాడు సూడు” అన్నాడు. సాలమ్మ నవ్వేసింది. ఏడు నెలల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వడం అప్పుడే విన్నాను.

ఆ తర్వాత సాలమ్మ పొలాలు వెదికే తీరు మార్చేసింది. దళారులను అడగడం మానేసింది. ఎండాకాలం ముగియడానికి ఇంకా పదిహేను రోజులుందనగా, పల్లెపల్లెకూ పోయి మేకలు కాసుకునే ఆడవాళ్ళను పలకరించేది. “ఈ ఎండల్లో జీవాలకు నీళ్ళు యాడ పెడతారక్కా?” అదొక్కటే ప్రశ్న. ఎవరైనా తమ పొలం అమ్మేటప్పుడు అబద్ధం చెప్తారు గానీ, మేకల దాహం గురించి ఎవరు అబద్ధం చెప్తారు? గుంతకొండ పక్కన నలుగురిని అడిగితే నలుగురూ ఒకే మాట చెప్పారు. “తిమ్మప్ప బావికి తోలుకపోతాం.”

తిమ్మప్ప పొలానికి రోడ్డు లేదు. వంక దాటి, గుట్ట చుట్టూ తిరిగి పోవాలి. అయిదెకరాల్లో సగం రాళ్ళు. మూలన రాతికట్టు బావి. ఎగువన వంకకు అడ్డంగా ఎప్పుడో కట్టిన చిన్న కట్ట ఉంది, వానలకు అక్కడ నీళ్ళు నిలిచి మెల్లగా ఇంకుతాయి. తిమ్మప్పకు మోకాళ్ళు పోయి, బావి మెట్లు దిగలేక అమ్మేయాలనుకున్నాడు.

“నీళ్ళు తక్కువే. నాకు సరిపోయినాయి. మీకు సాలకపోతే నన్ననొద్దు” అన్నాడు మొదటి మాటే.

వన్నూరప్ప కుళ్ళాయప్ప చెవిలో, “అమ్ముకునేవాడే బాగలేదంటాండాడు, మనమేం సూసేది అన్నా?” అని గొణిగాడు. బోర్డు పెట్టడానికి రోడ్డే లేదన్న దిగులు అతనిది.

అక్కడ మేం రెండు రోజులు ఉన్నాం. మొదటి రోజు తెల్లవారగానే నన్ను దించారు. పద్నాలుగో ముడి. పొద్దు వాలేదాకా మోటరు ఆడించారు, గంట గంటకూ నన్ను దించి రాసుకున్నారు. పద్దెనిమిదో ముడి దాకా దిగింది. మోటరు ఆపేశారు. మర్నాడు పొద్దున దించితే పద్నాలుగున్నర.

“రాత్రికి ఊరిన నీళ్ళే మనవి” అన్నాడు కుళ్ళాయప్ప. “ముందు నుంచి నిలవున్నవి బావివి. వాటిమీద ఆశ పెట్టుకోగూడదు.”

సాలమ్మ ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టుకుని ఇంటికి పోయి కందిపప్పు ఉడకేసింది. ఉప్పునీళ్ళయితే పప్పు ఉడకదు, ఆ నీళ్ళకు చీనీ చెట్టూ తట్టుకోదు. పప్పు వెన్నలా ఉడికింది. వన్నూరప్ప రెండుసార్లు వడ్డించుకుని, నీళ్ళు బాగానే ఉన్నాయని ఒప్పుకున్నాడు.

కొనడం కష్టం కాలేదు. నాటడం దగ్గరే పెద్ద గొడవ. కుళ్ళాయప్ప కాగితం మీద లెక్క వేసి, మే నెలలో ఆ బావి రోజూ ఊరే నీళ్ళకు డ్రిప్పు పెట్టినా నూటఎనభై చీనీ చెట్లకంటే ఎక్కువ సాకలేదని తేల్చాడు. వన్నూరప్ప మనసులో అయిదువందలున్నాయి.

“అయిదెకరాల్లో నూటెనబైయా? జనం నవ్వుతారు.”

“నవ్వనీ. నేను ఆర్నూరు సెట్లు కొట్టి కట్టెలు మోసినా” అంది సాలమ్మ. “మళ్ళీ మోయను.”

అతను నూటఎనభై గుంతలే తవ్వించాడు. మిగిలిన నేలలో వాన మీదే బతికే సీతాఫలం, రేగు పెట్టారు. గేటు మీద పచ్చ బోర్డు కూడా వచ్చింది. దాన్ని మేకలు తప్ప చదివేవాళ్ళు లేరు.

నన్ను మోటరు గదిలో మేకుకు తగిలించారు. ప్రతి సోమవారం పొద్దున్నే సాలమ్మ నన్ను బావిలోకి దించి లోతు గోడమీద బొగ్గుతో రాసేది. అయిదో ఏట తొలి కాపు వచ్చింది. ఆరో ఏట చెట్లు ఒంగిపోయేలా కాశాయి. ఆ కాయలు చూసి వన్నూరప్ప నడుంనొప్పి మరిచిపోయాడు.

ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి.

కట్టలో నీళ్ళు నిలవలేదు. ఫిబ్రవరికే బావి పంతొమ్మిదికి దిగింది. చెట్ల నిండా పిందె ఉంది. సాలమ్మ చెట్ల మధ్య రెండు రోజులు తిరిగి, మూడో రోజు పిందె మొత్తం దులిపేయాలంది. కాయలు తాగే నీళ్ళు చెట్టుకు మిగలాలని. వన్నూరప్ప ఒప్పుకోలేదు, తర్వాత ఒప్పుకున్నాడు, దులుపుతూ దులుపుతూ నడుమ కూర్చుని ఏడ్చాడు. నిమ్మకాయంత పచ్చి కాయలు పాదుల్లో గుట్టలుగా పడ్డాయి. ఆ వారం రోజులూ మేకలు కాసేవాళ్ళు కూడా అటు రాలేదు.

ఏప్రిల్లో ఇద్దరూ కుళ్ళాయప్పను పిలిచి కూర్చున్నారు. మోటరు గొట్టం ఇరవై మూడు మీటర్ల దగ్గర ఉంది. నీళ్ళు ఇరవై రెండు దాటి దిగితే, కింది వరసల్లో అరవై చెట్లు కొట్టేయాలి. అవి పోతే మిగిలిన నూటఇరవై బతుకుతాయి. అన్నిటినీ పట్టుకుని కూర్చుంటే అన్నీ పోతాయి. ముందే అనుకుంటే ఆ రోజు మనసు మారదని సాలమ్మ నా ఇరవై రెండో ముడికి పసుపుదారం కట్టింది. వన్నూరప్ప గొడ్డలి నూరి గది మూలన పెట్టాడు.

మే మొదటి సోమవారం. నేను ‘టప్’ మన్నప్పుడు పసుపుదారం బావిగట్టుకు మూరన్నర ఇవతల, సాలమ్మ చేతికింద ఉంది. అంటే ఇంకా ఇరవై రెండు కాలేదు. రెండో సోమవారం జానెడు ఇవతల. మూడో సోమవారం వన్నూరప్ప గొడ్డలి పట్టుకునే వచ్చాడు. నన్ను దించుతూ సాలమ్మ ఒక్కో ముడినీ పైకే లెక్కపెట్టింది. ‘టప్’. దారం గట్టురాయికి నాలుగు వేళ్ళు ఇవతల ఆగింది.

“కాలేదు” అంది సాలమ్మ.

“నాలుగు వేళ్ళే కదే.”

“నాలుగు వేళ్ళయినా కాలేదు. ఇంకో వారం సూద్దాం.”

ఆ గురువారం సాయంత్రం గుట్ట అవతల ఉరిమింది. వాన రెండు గంటలు పడింది. మళ్ళీ శనివారం పడింది. వంక పారి కట్ట నిండింది. తర్వాతి సోమవారం నేను ఇరవైకే నీళ్ళను తాకాను. వన్నూరప్ప గొడ్డలిని గదిలో పడేసి, తడి మట్టిలో పిల్లాడిలా గంతులు వేశాడు. నడుం పట్టేసి మూడు రోజులు మంచం మీదున్నాడు.

శ్రావణంలో కుళ్ళాయప్ప తోట చూడటానికి వచ్చాడు. ఎవరిదో బావి కొలవాలని సంచీలో కొత్త స్టీలు టేపు తెచ్చుకున్నాడు. వన్నూరప్ప ఊళ్ళోకి పోయాడు. ఊసుపోక కుళ్ళాయప్ప నన్ను నేల మీద పొడుగ్గా పరిచి, పక్కనే టేపు లాగి సరిచూశాడు. పసుపుదారం దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. మెల్లగా కింద కూర్చుండిపోయాడు.

“సాలమ్మా, తాడు సాగింది.”

ఏళ్ళ తరబడి వారం వారం తడిసి, ఇనుము బరువుకు వేలాడి, నాకు తెలియకుండానే నేను పొడుగైపోయాను. నా ఇరవై రెండో ముడి ఉన్న చోట టేపు ఇరవై రెండున్నర దాటి చూపిస్తోంది.

“సర్వీసులో ఉన్నప్పుడు ఏటా సరిచూసేవాణ్ణి. ఇంటికొచ్చినాక ఆ ఊసే మర్సిపోయినా. తప్పు నాది” అన్నాడు ముసలాయన, తల ఎత్తకుండా.

సాలమ్మ చాలాసేపు టేపు వైపు చూసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటోంది. “అంటే మేలో ఆ కడపటి రెండు వారాలూ...”

“ఇరవై రెండు దాటిపోయినాయి. మీరు కొట్టేయాల్సింది.”

ఆమె లేచి కింది వరసల్లోకి నడిచింది. ఆ అరవై చెట్లూ వానకు కొత్త చిగురు వేసి ఉన్నాయి. ఒక్కొక్క చెట్టు మొదలు మీద చేయి వేసుకుంటూ చివరిదాకా పోయి, అలాగే తిరిగి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఎందుకో నవ్వింది.

“అన్నా, ఆ టేపు నాకిచ్చి పో. ఇంక సోమవారాలు దాంతోనే సూస్తా” అంది. “ఈ సంగతి మాత్రం మా ఆయప్ప చెవిన పడనీయొద్దు. ఇంకోతూరి గొడ్డలి ఎత్తాల్సి వస్తే, తాడు సాగిందేమోలే, టేపు సాగిందేమోలే అనుకుంటా కూచుంటాడు.”

అప్పటినుంచి నాకు పని లేదు. మోటరు గదిలో మేకుకు వేలాడుతున్నాను. తోట చూడటానికి ఎవరు వచ్చినా వన్నూరప్ప ముందు నా దగ్గరికే తీసుకొస్తాడు. నన్ను చేతిలోకి తీసుకుని పసుపుదారం చూపిస్తాడు. “ఈ తాడు పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి ఒక్క అబద్ధం చెప్పలేదు. నాలుగు వేళ్ళ తేడాలో అరవై సెట్లు నిలబెట్టింది” అంటాడు. వచ్చినవాళ్ళు నన్ను భక్తిగా తాకి చూస్తారు.

సరిగ్గా అప్పుడే సాలమ్మ, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్ళిపోతుంది.